బిస్కో పాదిరిగారి బడి

శ్రీనగరములో జీలము నది యొడ్డున నొక మిషను పాఠశాల యుండెను. దాని నియమములలో నొకటి వినువారికి వింతగా దోచును. నిర్ణయించిన వయస్సు దాటియు ఈత నేర్వని బాలుడు తక్కినవారికంటె హెచ్చుజీతము చెల్లింపవలెను. లెక్కలు రానివాడు పరీక్ష తప్పుట యెల్ల బడులలోను గలదు. ఈత రానివాని తండ్రి సొమ్ము చెల్లించుకొనుట మాత్రము మన మెరుగనిది.

ఈ నియమమును విధించినవాడు సెసిల్ ఎర్ల్ టిండేల్ బిస్కో యను ఆంగ్లేయుడు. ఆంగ్లికను సంఘమున మతగురువు; 1890లో కాశ్మీరమునకు వచ్చి, 1947 వరకు ఆ బడినే తన సంసారముగా జేసికొనిన ప్రధానోపాధ్యాయుడు. తన పనిని గూర్చి యతడు 1920లో ప్రకటించిన పుస్తకమును, కాశ్మీరమును గూర్చి 1922లో ప్రకటించిన మరియొక గ్రంథమును నేను శ్రద్ధతో చదివితిని. ఇరువదేండ్లుగా బడిపంతులు పని చేయుచున్న నాకు వానిని చదువునప్పుడు మెప్పును, కోపమును ఒకేమారు కలిగినవి. ఆ రెంటిని విడదీసి, అందులో మనము గ్రహింపదగిన దేదో, విడువదగిన దేదో చూచుటకే యీ వ్యాసము.

బిస్కో 1863 ఫిబ్రవరి 9వ తేదీన ఆక్స్‌ఫర్డు మండలములోని హోల్టనున జన్మించెను. కేంబ్రిడ్జిలో జీసస్ కళాశాలలో చదివెను. మనిషి పొట్టివాడు, తేలికవాడు. అందువలననే పడవపందెములలో తెడ్డు వేయుటకు గాక చుక్కాని పట్టుట కెన్నుకొనబడెను. 1884లో ఆక్స్‌ఫర్డుపై కేంబ్రిడ్జి గెలిచిన పందెములో చుక్కాని ఇతని చేతిదే. పిమ్మట మతగురువై, లండను నగరపు తూర్పుభాగమున వైట్‌చాపెలు పేదవాడలలో కొంతకాలము పనిచేసి, చర్చి మిషనరీ సొసైటీవారి పక్షమున కాశ్మీరము చేరెను. అంతకుముందు ఆ బడిని నడపిన జేమ్స్ హింటన్ నోల్స్ కాశ్మీరదేశపు జానపదకథలను సేకరించి 1888లో అచ్చువేయించిన పండితుడు. కొత్తగా వచ్చినవాడు పండితుడు కాడు; పడవవాడు.

అప్పుడు కాశ్మీరము డోగ్రా వంశపు మహారాజు ప్రతాపసింగు ఏలుబడిలో, ఆంగ్ల రెసిడెంటు కనుసన్నలలో నుండెను. దేశములో నెక్కువమంది మహమ్మదీయులు. బడిలో నెక్కువమంది పండితులని పిలువబడు బ్రాహ్మణుల బిడ్డలు. చదువు వారికి కులవృత్తి, సర్కారు కొలువు ఆ వృత్తికి ఫలము. బాలురు ఫెరన్ అను పొడవైన అంగీలు ధరించి, ఆ యంగీలలోపల కాంగ్డీ యను నిప్పుకుండను పొట్టకానించుకొని చలి కాచుకొనుచు పాఠములు వల్లించుచుండిరి. పరుగెత్తుట, బరువులెత్తుట పెద్దమనుష్యుల బిడ్డలకు తగని పనులు. తెడ్డు వేయుట మరియు నీచము. అది హాంజీలను పడవవారి పని. ఆ నగరమా, నదిమీదను కాలువలమీదను తేలుచున్నట్టిది. వీథికంటె నీరే ఎక్కువగా నున్న యూరిలో చదువుకొన్నవాడు తెడ్డు ముట్టరాదు!

1891లో బిస్కో వివాహము చేసికొని బొంబాయి నుండి భార్యతో తిరిగివచ్చుచు, వెంట నొక కాలిబంతిని దెచ్చెను. అది తోలుతో జేసినదని వినినతోడనే బాలురు ముట్టమనిరి. అతడు వినలేదు. సాయంకాలము బడి విడువగానే బాలుర నందరిని మైదానమునకు దోలించెను. ఉపాధ్యాయులు చేత కర్రలు బట్టి చుట్టును నిలిచిరి. బంతిని తన్నుమని యాజ్ఞ యయ్యెను, ఒక్కడును కదలలేదు. గడియారము చూచుచు అయిదు నిమిషములు గడువిచ్చెను. గడువు తీరెను, కర్రలు ముందునకు వచ్చెను, బంతి లేచెను. ఇంతలో అది యొక బాలుని ముఖమునకు దగిలెను. మైలపడితినని వాడు బావురుమనెను, తోడివారు దిగ్భ్రాంతులైరి. ముఖము కడిగించి వానిని తిరిగి యాటకు దెచ్చిరి. ఈ వృత్తాంతమును బిస్కోయే సంతోషముతో వ్రాసికొనెను.

చదువరులు దీనిని చదివి నవ్వవచ్చును. నాకు నవ్వు రాలేదు. అంటు అనునది మిథ్యయే. ఆ మిథ్యను బాలుని మనస్సునుండి తీసివేయవలసినదే. కాని కర్రకు జడిసి బంతిని తన్నినవాడు మిథ్యను విడిచినవాడు కాడు; కర్రను జూచినవాడు మాత్రమే. కర్ర తొలగిన నాడు వాడు తన యాచారమునకే మరలును, మరి కొంత మొండితనముతో. బిస్కో చేసినది అంతమాత్రమే యైన యెడల అతనిని గూర్చి నేడు మాటలాడవలసిన పని లేదు.

కర్ర చేయలేనిదానిని నది చేసెను.

పడవలు బడికి వచ్చెను. దొర తానే తెడ్డు పట్టి కూర్చుండెను, ఉపాధ్యాయులను కూర్చుండుమనెను. పట్టణములోని వారు చూచి నవ్వుదురని మొదట కొందరు మొగములకు ముసుగు వేసికొని తెడ్డు వేసిరి. క్రమముగా ముసుగులు జారెను. ఈత నేర్పుట మొదలయ్యెను. తరువాతి కాలమున పెద్ద సరస్సుల నీదుట బడిలో నొక పండుగ వంటిదయ్యెను. ఇవన్నియు ఆటలే యైనచో ధనికుల వినోదములుగా ముగిసియుండును. కాని 1893లోను, మరల 1903లోను జీలము పొంగి నగరమును ముంచెను. అప్పుడు బడి పడవలు వీథులలోనికి సాగెను. నిన్నటిదాక తెడ్డు ముట్టుట కులమునకు హాని యనుకొన్న యిండ్ల బిడ్డలు, మిద్దెలపై చిక్కుకొని యేడ్చుచున్నవారిని, కులము మతము అడుగక, పడవల కెక్కించుకొనిరి. నీటిలో మునుగుచున్నవాడు తనకు చేయి నందించినవాని గోత్రము అడుగడు గదా.

ఇదియే నాకు ముఖ్యముగా దోచిన విషయము. ఒక విద్యను బలవంతముగా నేర్పవచ్చును గాని, గౌరవమును బలవంతముగా నేర్పలేము. ఆ విద్య యొకనికి ప్రాణము నిలిపిన దినమున గౌరవము తనంతట వచ్చును. ఆ దినము మొదలు తెడ్డు హాంజీల పనిముట్టు కాక, బడి చిహ్నమయ్యెను. హృదయాకారము గల రెండు తెడ్లు అడ్డముగా కూర్చి, వానితో ‘అన్నింటను మనుష్యులై యుండుడు’ అను భావము గల మాటను జేర్చి బడికి ముద్రగా జేసిరి. తెడ్డు శ్రమకును, హృదయాకారము దయకును, వానిని సిలువవలె కూర్చుట త్యాగమునకును గుర్తులు.

వరదలు ప్రతియేట రావు. కావున బిస్కో ప్రతిదినమును పని కల్పించెను. ఊరిలో నిల్లు తగులబడిన బాలురు పోయి మంటలార్పిరి. మిషను ఆసుపత్రిలో నీవ్ సోదరుల చికిత్స పొంది కోలుకొనుచున్న రోగులను పడవలలో గాలికి త్రిప్పిరి. మురికివీథులు చిమ్మిరి. దెబ్బలు తినుచున్న మూగజంతువుల పక్షమున నిలిచి వాదించిరి. ఇవన్నియు బడి లెక్కలలో చేరెను. బుద్ధికి మార్కులున్నట్లే దేహమునకును, శీలమునకును మార్కులుండెను. పుస్తకములలో మొదటివాడు, తోటివాని కష్టమున వెనుదిరిగినచో, ఆ బడిలో మొదటివాడు కాజాలడు.

ఇక కోపమును గూర్చి చెప్పెదను. బిస్కో పుస్తకములలో కాశ్మీరీలను గూర్చి వ్రాసిన మాటలు పెక్కుచోట్ల చులుకనతో నిండియున్నవి. వారి దుస్తులు, వారి వాసన, వారి పిరికితనము, వారి తల్లుల భయము, అన్నియు అతనికి పరిహాసపాత్రములే. వెన్నుకాచుటకు రెసిడెంటును, పిలిచిన పలుకుటకు సామ్రాజ్యమును గలవాడు నిరాయుధులైన బాలురను పిరికివాండ్రనుట యే ధైర్యము? ఎన్నియో తరములు పరాయి పాలనలలో నలిగిన జనులు తల వంచుకొని బ్రతుకుట నేర్చినచో, అందులో పాలించినవారి పాలు లేదా? ఈ ప్రశ్నను అతడు తన్ను తాను అడిగినట్లు ఆ పుస్తకములలో నాకు కానరాలేదు.

మన కందుకూరి వీరేశలింగము పంతులుగారును బడిపంతులే. వారును పరిహాసమను కొరడాను తక్కువగా వాడలేదు. కాని వారు పరిహసించినది తమ ఇంటిని, తమ కులమును, తాము పుట్టిన సంఘమును. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు, దాని ఫలమైన వెలిని అనుభవించినవారును వారే. తన మాటకు తానే మూల్యము చెల్లించువాని యెత్తిపొడుపునకును, మూల్యము చెల్లింప నక్కరలేనివాని యెత్తిపొడుపునకును భేదము గలదు. కాశ్మీరమున ఆ మూల్యము చెల్లించినవారు బిస్కో బడిలోని కాశ్మీరీ ఉపాధ్యాయులు. దొర యాజ్ఞాపించి యింటికి పోవును. వారు తమ వీథులలోనికి, తమ బంధువుల నడుమకు పోవలెను. తెడ్డు వేసినందుకు వచ్చిన నిందను మోసినవారు, ఆ దేశమున వితంతువుల పునర్వివాహమునకు పూనుకొన్నవారు వారు. పండిత శంకర కౌల్ దీర్ఘకాలము బిస్కోకు కుడిభుజముగా నుండెను. కాశ్మీరపు పక్షులను గూర్చి గ్రంథము వ్రాసిన సంసార్ చంద్ కౌల్ ఆ బడి యుపాధ్యాయుడే. దొర పేరు బడికి నిలిచెను. వీరి పేర్లను మనము వెదకికొనవలసి యున్నది.

మరియొక విశేషము. మతప్రచారమునకై పంపబడిన బిస్కో చేసిన మతాంతరీకరణములు బహుస్వల్పము. జ్ఞానస్నానముల లెక్కనుబట్టి చూచువారికి అతని పని నిష్ఫలము. అతడు తన మతమును దాచలేదు. బడిలో బైబిలు చెప్పెను. కాని మునుగుచున్నవానిని తీయుటయే తన గురువు బోధ కర్థమని నమ్మి, ఆ యర్థమును చేతులతో చెప్పించెను. ఇట్టి బోధను మనవారు పరాయిదనుకొన నక్కరలేదు. ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడు విద్యకై వచ్చినప్పుడు గౌతముడు వానికి మొదట నిచ్చినది పాఠము గాదు. నాలుగువందల బక్క యావులను. వానిని మేపి, వేయి యైన పిదపనే ఆ శిష్యుడు మరలివచ్చెను. చేయి మైలపడక జ్ఞానము వచ్చునన్న మాట మనకు తరువాత వచ్చిన రోగము.

ఆ రోగము కాశ్మీరమునకే పరిమితము గాదు. నేను పనిచేయుచున్న యూరు గోదావరి కాలువగట్టున నున్నది. కొన్నియేండ్ల క్రిందట మా తరగతి బాలుడొకడు, పదునాలుగేండ్లవాడు, గేదెను కడుగుచు కాలుజారిన తమ్ముని పట్టుకొనబోయి ప్రవాహమున బడి కొట్టుకొనిపోయెను. తమ్ముడు రేవుమెట్టు పట్టుకొని బ్రతికెను. గట్టుమీద ముప్పదిమందికి తక్కువ లేరట. వారిలో పట్టభద్రులు కలరు, ఉద్యోగస్థులు కలరు. నీటిలో దిగగలిగినవాడు దూరమునుండి కేకలు విని పరుగెత్తివచ్చిన యొక జాలరి. అతడు వచ్చునప్పటికి ఆలస్యమయ్యెను. ఆ బాలుని సంస్కృత పరీక్షాపత్రము నేను దిద్ది యుంచితిని. నూటికి డెబ్బదిరెండు వచ్చెను. ఆ యంకెను వాని తల్లికి ఎట్లు చెప్పవలెనో నాకు తోచలేదు.

మన డెల్టా యంతయు కాలువల మయము. ఆ నీటివలననే మన గాదెలు నిండుచున్నవి. ఆ నీటి యొడ్డుననే మన బడులున్నవి. అయినను ఈత యన్నది బెస్తల పిల్లలకు, పసులకాపరులకు వచ్చు విద్యగా నెంచి, చదువుకొనువానిని నీటికి దూరముగా నుంచుటయే పెంపకమనుకొనుచున్నాము. నీటికి దూరముగా నుంచినందున నీరు మననుండి దూరము కాలేదు.

బిస్కో బడి నేటికిని నిలిచియున్నది. బాలికలకొరకు 1912లో తెరువబడి, పిమ్మట మ్యూరియల్ మాలిన్సన్ దొరసాని పెంచిన పాఠశాలయు దానితోడ నున్నది. 1947లో కాశ్మీరమును విడిచిపోయిన బిస్కో 1949 ఆగస్టు 1వ తేదీన ఆఫ్రికాలో రొడీషియా దేశపు సాలిస్బరీ నగరమున మరణించెను. అతని కర్రను మనము తెచ్చుకొన నక్కరలేదు. అది మనకు కావలసినదానికంటె ఎక్కువగానే యున్నది. అతని చులుకన మాటలును మనకు వలదు. అతని నుండి గ్రహింపదగినది చిన్నది, చేయుటకు సులభమైనది. బడికి దగ్గరగా లోతు తక్కువ రేవు నొకదాని నెన్నుకొని, ఈత వచ్చిన బెస్తను గురువుగా గౌరవించి జీతమిచ్చి పిలిచి, బాలురకును బాలికలకును నేర్పించుట. బాలురు జంకుదురు, తల్లిదండ్రులు సందేహింతురు. అప్పుడు మొదట నీటిలోనికి దిగవలసినవాడు పంతులు. ఆ బెస్త ముందు శిష్యుడై నిలిచిన పంతులును చూచిన బాలునికి, చేతిపనిని గూర్చి వేరుగా పాఠము చెప్పవలసిన పని యుండదు.