ఎర్రరంగు క్రింద వెండిరంగు

వార్షిక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ముప్పది ఏండ్లకు పైగా రసాయనశాస్త్రం బోధించి విశ్రాంతి పొందిన నేను ఏ మూలకాన్ని గూర్చియో వ్రాస్తానని వారు తలచి ఉంటారు. కాని నేను వ్రాయబూనినది ఒక ఆటవస్తువును గూర్చి. అది అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ విమానం. దానిపై నేను బాల్యంలో పూసిన రంగును వృద్ధాప్యంలో నేనే తీయవలసి వచ్చింది. ఆ పని నాకు నేర్పిన పాఠం, నేను తరగతిలో చెప్పిన పాఠాలలో ఏ ఒక్కదానికీ తీసిపోదు.

మా అబ్బా చిత్తూరులో లారీలకు రంగులు వేసేవారు. వేలూరు వెళ్ళే రోడ్డు ప్రక్కన రేకుల షెడ్డు, అందులో రంగు డబ్బాలు, కుంచెలు, కిరసనాయిలు వాసన - ఇదే నా బాల్య ప్రపంచం. ఇంట్లో మేము మాట్లాడేది ఉర్దూ. అబ్బా లారీలపై వ్రాసేది తెలుగు, తమిళం. నాకంటె ఎనిమిదేండ్లు పెద్దవాడైన భయ్యా ఆయనకు కుడిభుజం.

1977లో భయ్యా రంగులు కొనడానికి మద్రాసు వెళ్ళి, మూర్ మార్కెట్టులో ఒక అట్టపెట్టె కొని తెచ్చాడు. 1985లో అగ్నికి ఆహుతి అయిన ఆ అంగళ్ళలో పాత పుస్తకాలు మొదలు పావురాల వరకు దొరకని వస్తువు లేదనేవారు. పెట్టెలో బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలు. వాటిని ఒక్కొక్కటిగా కోసి, అంచులు ఉప్పుకాగితంతో నునుపుచేసి, జిగురుతో అతికించగా నాట్ యుద్ధవిమానం తయారైంది. ఇంగ్లండులో రూపకల్పన జరిగి, బెంగుళూరు హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారు నిర్మించిన ఆ చిన్న విమానం 1965 యుద్ధంలో పేరు గడించింది. భయ్యా దానికి లారీ చక్రాలకు వేసే వెండిరంగు పూసి, తోకపై సన్నని కుంచెతో మూడు రంగుల గుర్తు దిద్దాడు. నన్ను తాకనిచ్చేవాడు కాడు.

మరుసటి సంవత్సరం భయ్యాకు కువైటులో పని దొరికింది. ప్రయాణానికి ముందురోజు రాత్రి ఇల్లంతా నిద్రించిన తరువాత నేను లేచి, షెడ్డులోని ఎర్ర ఎనామెల్ డబ్బా తెచ్చి, ఆ విమానానికి ఆసాంతం పూసివేశాను. కోపంతో చేశానని అందరూ అనుకున్నారు. కాని పదకొండేండ్ల నా బుద్ధికి తోచినది వేరు: దాన్ని పాడుచేస్తే, తిరిగి బాగుచేయడానికైనా భయ్యా ఒక్కరోజు ఆగుతాడేమో! ఉదయం అతడు విమానాన్ని రెక్క పట్టుకొని ఎత్తి చూశాడు. అమ్మీ నా వీపు విమానంమోత మోగించబోయింది. భయ్యా ఆమెను ఆపి, బొటనవ్రేలికి అంటిన ఎరుపును నా చెంపకు రాసి, "ఇంకా తడి ఆరలేదురా, తాకకుండా ఉంచు" అన్నాడు. మద్రాసు బస్సు ఎక్కి వెళ్ళిపోయాడు.

పశ్చాత్తాపంతో, వారం తిరగకుండానే నేను మరొక తప్పు చేశాను. ఇనుముపై రంగును కరిగించే థిన్నరులో గుడ్డ ముంచి విమానం ముక్కును తుడిచాను. రంగుతోబాటు ముక్కు కూడ మెత్తబడి, గుడ్డకు బంకవలె అంటుకొని వచ్చింది. అబ్బా అది చూచి, "రంగు వేయడానికి చేయి చాలు. తీయడానికి మాత్రం అడుగున ఏముందో తెలిసి ఉండాలి" అన్నారు. లారీ రేకుపై ఆయన పాతరంగును మంటతో కాల్చి, బద్దతో గీకేవారు. చెక్కబాడీపై ఆ పనినే ఎంతో నిదానంగా చేసేవారు. ప్లాస్టిక్‌ను గూర్చి ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. నేను రసాయనశాస్త్రం చదవడానికి ఆ కరిగిన ముక్కు కొంత కారణమని చెబితే విద్యార్థులు నవ్వుదురుగాక!

భయ్యా కువైటులో చాలాకాలం పనిచేసి తిరిగివచ్చాడు. ఆ విమానం మాట మా మధ్య ఎన్నడూ రాలేదు. నేను క్షమాపణ చెప్పాలనుకొన్న ప్రతిసారీ, ఇంత చిన్న విషయానికా అని సిగ్గుపడి ఊరకున్నాను. నాలుగేండ్ల క్రితం అతడు కన్నుమూశాడు. తరువాత అతని కుమార్తె అబ్బాగారి పాత పెట్టె సర్దుతూ ఆ విమానాన్ని చూచి, "చాచా, దీనికి మా అబ్బా వేసిన రంగు వెండిరంగట కదా. ఆ ఎరుపు తీస్తే కనబడుతుందా? మీరు కెమిస్ట్రీ చెప్పినవారు కదా!" అని అడిగింది.

సమస్య ఆమె అనుకున్నంత సులభం కాదు. ఆ ప్లాస్టిక్ పాలీస్టైరీన్. ఎసిటోన్, టోలీన్ వంటి ద్రవాలు దాన్ని కరిగిస్తాయి. థిన్నరులో ఉండేవి అటువంటివే. మరుగునీరు పోస్తే పలుచని రెక్కలు వంగిపోతాయి. కాస్టిక్ సోడా ద్రావణం పాలీస్టైరీన్‌ను ఏమీ చేయదు. ఎనామెల్‌లోని నూనె సంబంధమైన ఎస్టర్ బంధాలను మాత్రం, సబ్బు తయారీలో వలెనే, విడగొడుతుంది. కావున అదే తగిన మందు అని తోస్తుంది. కాని వెండిరంగు అని మనం పిలిచేది నిజానికి అల్యూమినియం పొడి. కాస్టిక్ సోడా అల్యూమినియంను తిని, హైడ్రోజన్ వాయువును వదులుతుంది. నా ఎరుపును తీసే మందు భయ్యా వెండిని మిగల్చదు. ఏ ద్రవానికీ ఇది తమ్ముడి రంగు, ఇది అన్న రంగు అనే వివేకం లేదు.

చివరకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను ఎంచుకొన్నాను. అది పాలీస్టైరీన్‌ను కరిగించదు. గట్టిపడిన పాత ఎనామెల్‌ను నెమ్మదిగా మెత్తబరుస్తుంది. ముంచి ఉంచితే రెండు పొరలూ లేచిపోతాయి గనుక, చీపురుపుల్లకు దూది చుట్టి, తడిపి, గోరంత చోటును ఒకసారి తుడవాలని నిశ్చయించాను. కిటికీలు తెరచి, నిప్పుకు దూరంగా కూర్చున్నాను.

మొదలుపెట్టే ముందు భూతద్దంతో విమానమంతా పరీక్షించాను. ఎడమరెక్క చివర, ఎర్రరంగులో ఒక బొటనవ్రేలి ముద్ర కనిపించింది. గీతలు స్పష్టంగా ఉన్నాయి. పదకొండేండ్ల పిల్లవాని వ్రేలికి అది చాలా పెద్దది. నా చెంపకు రాసిన ఆ ఎరుపు ఎక్కడినుండి వెళ్ళిందో అప్పుడు అర్థమైంది. అర్ధశతాబ్దికి దగ్గరగా నేను నా తప్పు అని తలచిన ఆ పొరలోనే భయ్యా చేయి నిలిచి ఉంది.

ఆ రోజు పుల్ల క్రింద పెట్టి లేచిపోయాను. మరునాడు అమ్మాయిని పిలిచి ముద్ర చూపించి, జరిగినదంతా చెప్పాను. భయ్యాతో చెప్పవలసినది అతని బిడ్డతో చెప్పాను. ఆమె చాలాసేపు ఆ రెక్కను చూచి, "ఇది ఉండనీయండి చాచా. తోక మాత్రం తీయండి" అన్నది.

తోక ఒక్కదానికే మూడు వారాలు పట్టింది. దూది మొదట గులాబిరంగుకు తిరిగేది. బూడిదరంగు కనబడగానే చేయి ఆపేవాణ్ణి. రెండుచోట్ల ఆపడం ఆలస్యమై వెండి కూడ పోయి అడుగు ప్లాస్టిక్ బయటపడింది. ఆ లోపాన్ని కప్పిపుచ్చలేదు. మూడు రంగుల గుర్తులో ఆకుపచ్చ సగం పోయింది. కాషాయం, తెలుపు నిలిచాయి. కుంచె వణకకుండా గీసిన ఆ గీతను చూచి అమ్మాయి కన్నీరు పెట్టుకొన్నది.

తిరుపతి అంగళ్ళలో అమ్మే ఎర్రచందనం బొమ్మలను మీరు చూచే ఉంటారు. వాటికి రంగు అక్కరలేదు. శేషాచలం చెట్టు ఇచ్చిన రంగే వాటి రంగు. మనుష్యుల జ్ఞాపకాలు అటువంటివి కావు. అవి సున్నంపై సున్నం వేసిన పాతగోడల వంటివి. పాత శిల్పాలపై పేరుకొన్న సున్నాన్ని నిపుణులు చిన్న పరికరాలతో కొద్దికొద్దిగా తీస్తారు. తొందరపడి ఇసుకను వేగంగా ఊది శుభ్రంచేస్తే సున్నంతోబాటు ఉలి గీతలూ, శాసనాల అక్షరాలూ అరిగిపోతాయి. పైపొర అంతా మలినమనీ, అడుగుపొర మాత్రమే సత్యమనీ అనుకోవడం వలన కలిగే నష్టమది.

విద్యార్థులారా, ఈ రసాయనాలను పెద్దల పర్యవేక్షణ లేక తాకవద్దు. కాస్టిక్ సోడా కంటిచూపును పోగొట్టగలదు. మరొక మాట. ఎవరికైనా చెప్పవలసిన క్షమాపణ మీ వద్ద మిగిలి ఉంటే, అది ఎంత చిన్నదైనా, వారు వినగలిగినప్పుడే చెప్పండి. ముక్కు లేక, ఎర్రని ఒంటితో, వెండి తోకతో ఆ విమానం ఇప్పుడు భయ్యా కుమార్తె ఇంట్లో గాజు అలమారలో ఉన్నది. ఎడమరెక్కను తాకరాదని ఆమె తన పిల్లలకు చెప్పి ఉంచింది.