కథలో మనము నిలుచు చోటు

ఇరువది యేండ్లుగా బడిలో కథలు బోధించుచున్నాను. కథ చేతికి రాగానే దానిని విడదీసి చూచుట నాకలవాటు. ఇతివృత్తమేది, పాత్రలెవరు, దేశకాలములేవి, చిక్కెక్కడ పుట్టి యెక్కడ విడినది అని నల్లబల్లపై వ్రాయుదును. ధనంజయుని దశరూపకము రూపకభేదములకు వస్తువు, నేత, రసము అను మూటిని ఆధారముగ జెప్పినది. ఆంగ్ల విమర్శకులు మఱికొన్ని యంగములను పేర్కొనిరి. రెంటిని గలిపి నేర్పుచున్నానను గర్వము నాకు గొంత యుండెడిది.

మొన్న నొకరాత్రి మా యమ్మాయికి గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' పాఠము చెప్పుచుంటిని. 1910లో 'ఆంధ్రభారతి'లో వెలువడిన యీ కథ చిన్నది, విభజించుటకు ననువైనది. స్థలము ఒక యిల్లు. కాలము అర్ధరాత్రి దాటిన పిమ్మట గొంతసేపు. పాత్రలు ముగ్గురు: చదువుకొన్న భర్త గోపాలరావు, భార్య కమలిని, సేవకుడు రాముడు. సానిపాట విని యాలస్యముగ నిల్లు చేరిన భర్తకు భార్య కనబడదు. పుట్టింటికి బోవుచున్నానని యామె వ్రాసిన యుత్తరము కనబడును. అతని పశ్చాత్తాపము కథకు మలుపు. మంచము క్రిందినుండి వినవచ్చిన నవ్వు ముగింపు.

ఇంత చెప్పి పుస్తకము మూయబోవగా, వత్తులు చేసికొనుచు వినుచున్న నా భార్య యడిగినది: "ఆమె అంతసేపూ మంచం కిందనే ఉన్నది గదా! అతని మాటలన్నీ విన్నది. అప్పుడు ఆమెకేమనిపించిందో మీరు చెప్పలేదేమండీ?"

"కథకుడు చెప్పలేదు" అంటిని.

"ఎందుకు చెప్పలేదు?"

జవాబునకు నాకు జాలసేపు పట్టినది. కథకుడు మనలను మూసిన తలుపు ముందర గోపాలరావు ప్రక్కన నిలిపినాడు. అతడు వెదకినచోటనే మనమును వెదకుదుము. అతడు బెదరినప్పుడు మనమును బెదరుదుము. కమలిని మనస్సు దాచియుంచుటచేతనే కడపటి నవ్వున కంత బలము గలిగినది. ఆమె ప్రక్కన నిలిచియుండిన, సంఘటనలవియే యైనను కథ వేఱగును. కాలము ఆ యొక్క రాత్రి గాక, ఆమె కాచుకొనియున్న రాత్రులన్నియు నగును. చూచుచోటు మారినచో తక్కిన యంగములన్నియు మారునని నేనాడు గ్రహించితిని.

"నిన్న సభనుంచి మీరు వచ్చేసరికి పదకొండయింది" అని యామె వత్తులు తీసికొని లోపలికి బోయినది.

ఆ సభలో నేనుపన్యసించినది స్త్రీవిద్యను గూర్చి. ఆలస్యమగునని యింటికి గబురైన బంపలేదు. గోపాలరావు తప్పు వేఱు, నాది వేఱు, నిజమే. కాని యా భేదమును జూపి నేనిన్నాళ్లు కథ వెలుపల సుఖముగ గూర్చుంటిని.

ఇప్పుడు తరగతిలో నా మొదటి ప్రశ్న మారినది. ఏమి జరిగినదని యడుగుటకు ముందు, ఎవరి ప్రక్కన నిలిచి చూచుచున్నాము, ఎవరి మాట మనకు వినబడుటలేదు అని యడుగుచున్నాను. సభ లున్న దినములలో, ఎన్నిగంటలకు వత్తునో ముందుగ జెప్పి వెళ్లుచున్నాను.