జీపు బ్రేకులో గాలి

పోయిన వర్షాకాలం పాడేరు సంత చూసుకొని దిగుతున్నాం. జీపు నిండా మనుషులం, కాళ్ళ కింద ఉప్పు, ఎండుచేపల మూటలు. రెండో మలుపులో డ్రైవరు బావ బ్రేకు తొక్కితే పెడలు నేలకు తగిలింది, బండి ఆగలేదు. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, కొండవైపు గట్టుకు చక్రాన్ని ఒరిపించి ఆపాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మా ముసలి అత్త ఒకామె మాత్రం కిందికి దిగి, మూట నెత్తిన పెట్టుకొని నడిచి వెళ్ళిపోయింది. ఆ తరువాత ఆమె జీపు ఎక్కలేదు.

ఆ జీపు మాకు సంత బండి మాత్రమే కాదు. డోలీలో మోసుకొచ్చిన మనిషిని రోడ్డు చివర అందుకొని ఆసుపత్రికి చేర్చేది అదే.

దానికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. దిగువలో తొక్కిపట్టి తోలితే డ్రమ్ములు కాలుతాయి, ఆ వేడి బ్రేకు ఆయిలుకు ఎక్కుతుంది. కొత్త డాట్ 3 ఆయిలు 205 డిగ్రీల లోపు మరగకూడదని లెక్క. నీరు పీల్చుకున్న ఆయిలుకు ఆ లెక్క 140 డిగ్రీలే. మాది ఎన్నేళ్ళుగా మార్చని ఆయిలు, కాఫీ డికాషన్ రంగుకు వచ్చింది. మరిగితే బుడగలు పుడతాయి. ఆయిలు నొక్కితే నొక్కుకోదు కాబట్టే కాలి బలం చక్రం దాకా పోతుంది. బుడగ నొక్కుకుపోతుంది, బలమంతా దానికే సరి.

ఇంటికింత వేసుకొని ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టించాం. డిస్కు బయటికి ఉంటుంది, తొందరగా చల్లారుతుంది, గెడ్డ దాటాక తొందరగా ఆరుతుంది. మా దారిలో రెండు గెడ్డలున్నాయి. డిస్కుకు తొక్కుడు బలం ఎక్కువ కావాలి కనుక బూస్టరు, దానితో రెండు గదుల మాస్టర్ సిలిండరు కూడా వేయించాం. ఒక గది పోయినా రెండు చక్రాలకైనా బ్రేకు మిగులుతుంది. (బండిని ఇలా మార్చే ముందు రవాణా శాఖవాళ్ళను అడగాలి. మేము అడిగాం.)

టౌను షెడ్డు నుంచి వచ్చిన బండికి పెడలు మెత్తగా ఉంది. రెండు మూడుసార్లు కొడితే గట్టిపడుతుంది, వదిలితే మళ్ళీ మెత్తన. రెండుసార్లు తిరిగి తీసుకెళ్ళాం, రెండుసార్లూ గాలి తీశామన్నారు. "తోలండి, అదే సెట్ అవుద్ది" అన్నారు. బావ తోలలేదు.

మా బడిలో ఐదు దాకా చదివి, తరువాత పదిలో తప్పి, పంక్చర్ల షాపులో పని నేర్చుకున్న కుర్రాడు ఒకడున్నాడు. పది తప్పినప్పుడు వాడిని మేము అన్న మాట ఇక్కడ రాయలేం. వాడికి గుర్తుంది, మాకూ గుర్తుంది. వాడు బండి కింద పడుకొని చూసి అన్నాడు: "మాస్టారూ, గాలి పైకి కదా పోద్ది? నిపులు కిందుందేటి?"

కాలిపర్లు ఎడమది కుడికి, కుడిది ఎడమకు బిగించారు. గాలి పైన చిక్కుకొని ఉంది, నిపులు కింద ఉంది. ఎన్నిసార్లు తీసినా వచ్చేది ఆయిలే. గ్లాసు నీళ్ళలో గొట్టంతో ఊది, బుడగ ఎటు పోతుందని వాడిని అడిగింది మేమే. భీమిలి డైట్‌లో అదే పాఠం చెప్పి మార్కులు తెచ్చుకున్నాం. ఆ జీపు చుట్టూ ఎన్నో రోజులు తిరిగాం, మాకు తట్టలేదు.

కాలిపర్లు మార్చి, నిపుళ్ళు పైకి వచ్చేలా బిగించి, ఆదివారం బడి ముందు గాలి తీయడానికి కూర్చున్నాం. మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి: మా బండికి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. నిపులుకు సన్న గొట్టం తగిలించి, రెండో కొసను కొంచెం ఆయిలున్న సీసాలో ముంచాం. పైన ఒకరు మెల్లగా తొక్కి "పట్టా" అంటారు. కింద వాడు నిపులు వదులు చేస్తాడు. బుడగలతో ఆయిలు వస్తుంది, పెడలు కిందికి పోతుంది. వాడు నిపులు బిగించి "వదులు" అన్నాకే కాలు తీయాలి. ఒకసారి ముందే తీసేశాం. గాలి వెనక్కి లాగేసుకుంది, ఆ చక్రం మళ్ళీ మొదటి నుంచి. ఆ కాలు మాదే. వాడు ఏమీ అనలేదు, స్పానరు తుడుచుకొని "మళ్ళీ తొక్కండి మాస్టారూ" అన్నాడు.

డబ్బాలో ఆయిలు తగ్గకుండా పోస్తూ ఉండాలి, లేకపోతే పైనుంచే గాలి దూరుతుంది. సీసాలోకి వచ్చినది తిరిగి పోయకూడదు. పిల్లలు గొట్టంలో బుడగలు లెక్కపెట్టారు. ముందు ఎడమ చక్రానికి లెక్క తప్పేటన్ని వచ్చాయి.

సాయంత్రానికి పెడలు మొదటి తొక్కుకే రాయిలా నిలిచింది. మొదట బడి మైదానంలో, తరువాత ఇసుక బస్తాలతో ఘాటులో చూశాం. ఎక్కిన గేరులోనే దించాడు బావ. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించే పాత అలవాటు మానిపించడానికి మాకు బ్రేకుల కంటే ఎక్కువ రోజులు పట్టింది.

తరువాతి సంతకు అత్త రోడ్డు మీద నిలబడి, చక్రం దగ్గరకు వంగి చూసింది.

"ఏరా, గాలి మొత్తం తీసీసారా?"

"తీసీసాం అత్తా" అన్నాడు కుర్రాడు.

మూట లోపలికి అందించి, వాడి పక్కన కూర్చుంది.