కనబడని మలుపు

బస్సులో కూర్చున్నవారికి మలుపులన్నీ ఒకటే. థియోడొలైటు, చైను మోసుకుంటూ ఎండలో తిరిగిన మాకు మాత్రం ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరుంది. ఒకే వ్యాసార్థంతో తిరిగేది సింపుల్ కర్వు. ఒకే వైపు తిరుగుతూ మధ్యలో వ్యాసార్థం మారేది కాంపౌండ్ కర్వు. కుడికి తిరిగి వెంటనే ఎడమకు తిరిగేది రివర్స్ కర్వు. ఎత్తుపల్లాల దగ్గర వేసే నిలువు వంపులు వేరే ఉన్నాయి గాని, వాటి సంగతి ఇప్పుడెందుకు!

వీటిలో కంటికి ఆననిది ట్రాన్సిషన్ కర్వు. తిన్నగా వచ్చిన రోడ్డు ఒక్కసారిగా వృత్తంలోకి దూకకూడదు. వంపును కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. ఆ దూరంలోనే రోడ్డు బయటి అంచును కూడా మెల్లగా ఎత్తుతాము. మైదానంలో ఈ వాలు నూటికి 7 దాటకూడదు. 7 మీటర్ల వెడల్పు రోడ్డుకు అది 49 సెంటీమీటర్లు, అంటే దాదాపు మోకాలెత్తు! తల్లి ఒడిలో నిద్రపోయే బిడ్డకు ఆ సంగతే తెలియదు. తెలియకుండా ఉండాలనే మా తాపత్రయం.

వేగం రెండింతలైతే బండిని బయటికి నెట్టే బలం నాలుగింతలవుతుంది. అందుకే గంటకు 80 కిలోమీటర్ల వేగానికి కనీసం 230 మీటర్ల వ్యాసార్థం కావాలంటారు.

ఒక ఊరి దగ్గర మేము వేసిన గీత సమాధుల తోట అంచును తాకింది. ఒక పెద్దావిడ వచ్చి మా మేకు పక్కనే కూర్చుంది.

"బాబూ, మా ఆయన ఇక్కడే ఉన్నాడు. రోడ్డు కాస్త అటు తిప్పండయ్యా" అంది.

అటు తిప్పి మళ్ళీ ఇటు తిప్పితే సరిపోతుందని ఊరివారి మాట. కాని నడుమ తిన్నని దారి లేని రివర్స్ కర్వులో, ఎత్తుగా ఉన్న అంచు వెంటనే పల్లం కావాలి. రాత్రివేళ లోడు లారీ వస్తే ఏమిటి గతి? కాంపౌండ్ కర్వు వేద్దామా అంటే, మొదటి వంపు సులువుగా ఉందని వేగంగా వచ్చినవాడికి రెండోది ఇరుకై ఎదురవుతుంది.

రెండు రోజులు లెక్కలు కట్టాము. చివరికి మలుపును చాలా ముందునుండే మొదలుపెట్టి, పెద్ద వ్యాసార్థంతో ఒకే వంపు వేశాము. గీత లోపలికి జరిగింది. సమాధులు తప్పాయి.

గీత జరిగినచోట ఒక రైతు నిమ్మతోట ఉంది. అప్పుడే కాపుకొచ్చింది. ఆయన మాతో ఒక్క మాటా అనలేదు. మేము మేకులు పాతుతుంటే, ఆయన ఆ చెట్లకు నీళ్ళు పెడుతూనే ఉన్నాడు.