గవ్వల పీట

మేమిద్దరం తోడికోడళ్ళము. గుంటూరులో ఒకే ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయినులము. కాపురం ఒకే ఇంట్లో, ఉద్యోగం ఒకే బడిలో కావడం వల్ల మంచైనా చెడైనా కలిసే చేస్తాము. అందుకే ఇందులో ‘మేము’ అన్న చోటల్లా ఇద్దరినీ కలిపి చదువుకోవాలి. చెప్పబోయే తప్పు మాట ఎవరి నోట వచ్చిందో మాకు తెలుసు. రెండవవారు పక్కనే ఉండి నవ్వారు గనుక దానిని విడదీయదలచుకోలేదు.

మా తోటి ఉపాధ్యాయినులలో ఒక క్రైస్తవ సోదరి ఉన్నారు. ఆమె చెల్లెలు అమెరికాలో ఉంటుంది. అక్కడ డిసెంబరు నెలలో, పండుగ సెలవులకు ముందు, ఆఫీసుల్లోనూ స్నేహితుల ఇళ్ళలోనూ ‘కుకీ ఎక్స్‌ఛేంజ్’ అని ఒక వేడుక జరుపుకుంటారట. ప్రతి ఒక్కరూ ఒకే రకం బిస్కెట్లు అందరికీ సరిపోయేటన్ని చేసి తెస్తారు. వెంట ఒక ఖాళీ డబ్బా తెచ్చుకుంటారు. వెళ్ళేటప్పుడు ఆ డబ్బాలో అన్ని రకాలూ ఉంటాయి. ఎనిమిది మంది కలిస్తే, ఒక్కొక్కరు 48 బిస్కెట్లు చేస్తే, అందరికీ ఎనిమిది రకాలు ఆరేసి చొప్పున వస్తాయి. లెక్కల టీచర్లము కావడం వల్ల ముందు మాకు ఆ లెక్క నచ్చింది. ఈద్‌కు ఇలా ఎందుకు చేయకూడదు అనుకున్నాము. అది 2023వ సంవత్సరం.

బిస్కెట్లు మన ఇళ్ళకు కొత్తేమీ కాదు. మా అత్తగారి చిన్నతనంలో రంజాన్ చివరి రోజుల్లో మైదా, చక్కెర, నెయ్యి తూకం వేసుకుని బేకరీకి తీసుకువెళ్ళి, భట్టీలో నాన్ ఖతాయీలు కాల్పించుకుని, రేకు డబ్బాలలో నింపి తెచ్చుకునేవారట. ఇప్పుడు మా ఇంట్లో చిన్న ఓవెన్ ఉంది. నాన్ ఖతాయీ చేయడం తేలికే గాని ఓర్పు కావాలి. నెయ్యి, పొడి చక్కెర కలిపి తెల్లగా నురుగు తేలేదాకా గిలక్కొట్టాలి. మైదాలో కొంచెం శనగపిండి, కొంచెం బొంబాయి రవ్వ కలిపితే కరకరలాడుతుంది. యాలకుల పొడి సరేసరి. ఓవెన్ నుండి తీసినప్పుడు మెత్తగా ఉంటాయి, ఉడకలేదేమోనని మళ్ళీ లోపల పెడితే మాడిపోతాయి. కదపకుండా చల్లారనివ్వాలి, అప్పుడే గట్టిపడతాయి. గుడ్డు అవసరం లేదు. మా స్టాఫ్‌లో ఇద్దరు గుడ్డు ముట్టరు కనుక మేము దీనినే ఎంచుకున్నాము.

‘ఇంట్లో చేసినవే కావాలి, ఓవెన్‌లో కాల్చినవే కావాలి’ అని నియమం పెట్టింది కూడా మేమే.

మొదటి ఏడాది రంజాన్ కడపటి పది రోజులలో వచ్చిన ఆదివారం నాడు, మధ్యాహ్నం, మా ఇంట్లో అందరం కలిశాము. ఎంత తెలివితక్కువ పని! ఉపవాసంతో ఉన్న మేము రుచి చూడలేము. మా ముందు తినడానికి మొహమాటపడి మిగిలినవారు మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అంతకు ముందు రాత్రి పన్నెండు దాటినా వంటింట్లో దీపం వెలుగుతూ ఉండటం చూసి మా అత్తగారు గుమ్మంలో నిలబడి, “లైలతుల్ ఖద్ర్‌ను వెతుక్కోవలసిన రోజుల్లో నెయ్యి గిలక్కొడుతూ కూర్చున్నారా బేటా?” అన్నారు. మాకు జవాబు తోచలేదు. కానీ పళ్ళేలు సర్ది, ఫోటోలు తీసి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడానికి మాత్రం తీరిక దొరికింది.

అందరూ వచ్చారు. హైదరాబాదు నుండి బదిలీపై వచ్చిన సోదరి తీపీ ఉప్పూ కలిసిన ఉస్మానియా బిస్కెట్లు చేసి తెచ్చింది. మరొకరు నెలవంక ఆకారంలో ఉండే చాంద్ బిస్కెట్లు తెచ్చారు. క్రైస్తవ సోదరి కేకు ముక్కలు తెచ్చి, మేము అడగకముందే, “ఇందులో ఎలాంటి మద్యమూ కలపలేదు, నిశ్చింతగా తినండి” అన్నారు. ఆ మాటకు ఆమె మీద గౌరవం పెరిగింది.

చివరగా మా బడి ఆయమ్మ వచ్చింది. మా వెనక వీధిలోనే ఆమె ఇల్లు. స్టాఫ్ రూములో అందరినీ పిలుస్తున్నప్పుడు ఆమె అక్కడే ఉంది కాబట్టి ఆమెనూ పిలిచాము. చీర కొంగు చాటు నుండి ఎనిమిది గ్లూకోజ్ బిస్కెట్ ప్యాకెట్లు తీసి, తలకొకటి లెక్కన, బల్ల మీద వరుసగా పెట్టింది. మేము నవ్వుతూ, “అయ్యో ఆయమ్మా, ఇవి కొన్నవి కదా! లోపల పెట్టండి, పిల్లలకు పనికొస్తాయి” అన్నాము. నలుగురిలో అన్నాము. ఆమె కూడా నవ్వి ప్యాకెట్లన్నీ ఏరి లోపలికి తీసుకువెళ్ళింది. వెళ్ళేటప్పుడు ఆమె చేతికి నిండు డబ్బా ఇచ్చి, గొప్ప పని చేశామనే అనుకున్నాము.

ఓవెన్ లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆనాడు మాకు గుర్తు రాలేదు. కిలో నెయ్యి 600 రూపాయలకు పైగా ఉన్న రోజుల్లో, ఒంటి జీతం మీద మనవరాలిని పెంచుతున్న ఆమె, ఎనిమిది ప్యాకెట్లు కొనడానికి దేనిని మానుకున్నదో కూడా ఆలోచించలేదు.

మరుసటి ఏడాది అత్తగారి మాట మన్నించి కలయికను ఈద్ తరువాతి ఆదివారానికి మార్చాము. షవ్వాల్ ఆరు ఉపవాసాలు పాటిస్తున్నవారికి ఆ ఒక్క రోజు విరామం ఇవ్వమని ముందే చెప్పాము. ఆయమ్మను పిలిస్తే, “ఊరెళ్ళే పని ఉంది టీచరమ్మా” అంది. ఆ సాయంత్రం పాల కోసం వెళ్తూ ఆమె ఇంటి ముందు నుండి నడిచాము. గుమ్మంలో కూర్చుని మనవరాలికి జడ వేస్తున్నది. మమ్మల్ని చూసి తల దించుకుంది. మేమూ చూడనట్లే నడిచిపోయాము.

ఇంటికి వచ్చి అత్తగారికి చెప్పాము. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, దైవప్రవక్త (సల్లం) ప్రత్యేకించి ముస్లిం స్త్రీలనే సంబోధిస్తూ, పొరుగింటామె పంపిన కానుక గొర్రె డెక్క అయినా సరే దానిని చిన్నచూపు చూడవద్దని హెచ్చరించిన విషయం గుర్తు చేశారు. ఆ హదీసును మేము పిల్లలకు ఎన్నోసార్లు వినిపించి ఉంటాము. “ఆమె మన మతస్థురాలు కాదు కదా అని సర్దుకోకండి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) తన ఇంట్లో గొర్రెను కోసినప్పుడు, యూదుడైన పొరుగువానికి పంపారా లేదా అని ఒకటికి రెండుసార్లు అడిగారు” అని కూడా అన్నారు. క్షమాపణ అడగాలని ఆ రాత్రే అనుకున్నాము. అనుకుంటూనే ఏడాది గడిచింది. బడిలో రోజూ కనిపించే మనిషితో ఆ ఒక్క మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

2025లో ఉగాది మార్చి 30న వచ్చింది. అది మాకు రంజాన్ 29వ ఉపవాసం. అసర్ నమాజు తరువాత ఆయమ్మ మనవరాలు ఒక స్టీలు గిన్నె తెచ్చి, “అమ్మమ్మ ఇమ్మంది, మీరు సాయంత్రం తింటారంట కదా” అని ఇచ్చి పరుగెత్తింది. మూత తీస్తే బెల్లం గవ్వలు. ఆ సాయంత్రం ఖర్జూరంతో ఉపవాసం విరమించి, తరువాత వాటినే తిన్నాము. కాసేపటికి నెలవంక కనిపించిందన్న వార్త వచ్చింది.

ఈద్ నాడు షీర్ ఖుర్మా పోసి గిన్నె తిరిగి పంపబోతుంటే అత్తగారు పిల్లవాడి చేతిలో నుండి తీసి మా చేతుల్లో పెట్టారు. వెళ్ళాము. ఆయమ్మ మంచం మీది బట్టలు పక్కకు నెట్టి కూర్చోమంది. రెండేళ్ళ నాటి మాట ఎత్తి, “తప్పు చేశాము, మన్నించండి” అన్నాము. మరిచిపోయానని అంటుందనుకున్నాము. అనలేదు. “ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను టీచరమ్మా” అంది. తరువాత లేచి టీ పెట్టింది.

ఏప్రిల్ 6న శ్రీరామనవమి కావడంతో ఆ ఏడాది 13వ తేదీన కలిశాము. నియమాలన్నీ తీసేశాము. కాల్చినవో, వేయించినవో, కొన్నవో, ఎవరికి ఏది వీలైతే అది. క్రైస్తవ సోదరి ఈసారి అచ్చుతో వేసిన గులాబీ పువ్వులు తెచ్చారు. ఒకరు దుకాణంలో కొన్న ఖారా బిస్కెట్లు పొట్లంతో సహా తెచ్చారు. నిజం చెప్పాలంటే అన్నిటికన్నా ముందు ఖాళీ అయిన పళ్ళెం అదే.

ఆయమ్మ గవ్వలతో పాటు గీతల చెక్కపీటను కూడా సంచిలో వేసుకుని వచ్చింది. మైదాలో వేడి నెయ్యి ఒక్క గరిటె, చిటికెడు ఉప్పు వేసి, నీళ్ళతో గట్టిగా కలపాలని చెప్పి, గోలీకాయంత ఉండను పీట మీద పెట్టి బొటనవేలితో నొక్కి ముందుకు తోసింది. గవ్వ తనంతట తానే చుట్టుకుంది. మేము తోస్తే కొన్ని పీటకు అతుక్కున్నాయి, కొన్ని చిరిగాయి, కొన్ని చప్పిడి పలకలయ్యాయి. అందరూ నవ్వారు. ఆయమ్మ వాటిని కూడా నూనెలో వేయించి, పాకంలో వేసి ఆరబెట్టింది. డబ్బాలు నింపుకునే వేళ ఆ వంకర గవ్వలను మేము తీసి పక్కన పెట్టబోతే, ఆమె తన డబ్బా ముందుకు జరిపి, “ఇవి నాకివ్వండి. మా పిల్లకు చూపించాలి, టీచరమ్మలు చేశారని” అంది.