పొగగొట్టపు మరమ్మతు – దాని వెల

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని పెద్దలు చెప్పిరి. కట్టిన యింటిని నిలుపుకొని చూడుమని కూడ వారు చెప్పియుండినచో ఆ సామెత పూర్తియై యుండెడిది. క్రొత్తయిల్లు కట్టునప్పుడు పదుగురు వచ్చి చూచి సంతసింతురు. పాతయింటికి మరమ్మతు చేయించునప్పుడు వచ్చి చూచువాడు పనివాడొక్కడే. గత సంవత్సరము వానలు వెళ్లిన పిమ్మట మా యింటి పొగగొట్టమునకు చేయించిన మరమ్మతునుగూర్చియు, దానికైన ఖర్చునుగూర్చియు ఇచ్చట వ్రాయుచున్నాము. ఇంత చిన్న సంగతి పాఠశాలా పత్రిక కేల యని కొందఱు చదువరులు తలంపవచ్చును. గణితము, రసాయనశాస్త్రము, చరిత్రము, నీతి యను నాలుగు పాఠములు ఆ యొక్క పొగగొట్టమువలన మాకు లభించినవి గనుక వ్రాయ సాహసించితిమి.

మా యిల్లు గోదావరీతీరమున మా తాతగారు కట్టించినది. గోడలు ఎఱ్ఱయిటుకతోను, గానుగసున్నముతోను కట్టబడినవి; పైకప్పు బంగాళాపెంకు. వంటకు గ్యాసు వచ్చి చాలకాలమైనను, వంటయింటి మూల కట్టెలపొయ్యి యింకను కలదు. మా తల్లిగారు నీళ్లు కాచుటకును, పండుగలకు పిండివంటలు చేయుటకును దానిని విడువలేదు. ఆ పొయ్యిమీది పొగగొట్టము కప్పునకు పైగా ఆఱడుగుల యెత్తు, ప్రక్క కొక్కింటికి మూడడుగుల వెడల్పు కలిగి, పొరుగువారి పెరటివైపునకు నిలిచియున్నది. ఆ పెరటిలో ఇద్దఱు పిల్లలు నిత్యము ఆడుకొందురు.

వానకాలపు చివర ఇటుకల నడిమి సందులనుండి సున్నము పొడియై రాలజొచ్చెను. ఒకనాటి మధ్యాహ్నము అరయిటుక ఊడి పొరుగువారి పెరటిలో పడెను. పిల్లలు బడిలో నుండిరి. ఆ యింటి యిల్లాలు ఆ ముక్కను తెచ్చి మా యరుగుమీద పెట్టి, ఒక్క మాటయైనను అనక వెళ్లిపోయెను. ఆమె కోపించియుండినచో మాకింత భారముగా నుండెడిది కాదు.

ఇంటిలోని యితర గోడలు చెక్కుచెదరక యుండగా పొగగొట్టమే యేల శిథిలమగును? కారణము స్పష్టము. తక్కిన గోడలకు చూరు నీడనిచ్చును. పొగగొట్టమునకు నాలుగు ప్రక్కలను వానయు, గాలియు, ఎండయు తగులును. లోపలనుండి వేడి తగులును. కట్టెపొగలో నీటియావిరియు, ఆమ్లపదార్థములును ఉండును. అవి చల్లనైన పైభాగమున చెమ్మగా పేరుకొని సున్నమును తినివేయును. ఇటుకకంటె సందులలోని సున్నము మెత్తనిది గనుక ముందుగా అదియే అరుగును. ఇది లోపము కాదు. ఇటుక పాడైనచో గోడయే పోవును. సున్నము పాడైనచో దానిని తీసివైచి క్రొత్తది కూరవచ్చును. ఈ పనినే పనివారు పాయింటింగు అందురు.

మేము ముగ్గురిని పిలిచి వెల యడిగితిమి. మొదటివాడు ఒక గుత్తదారు. గొట్టమంతయు సిమెంటు పూసి 7,000 రూపాయలకు రెండు దినములలో ముగించెదనని చెప్పెను. రెండవవాడు కప్పువఱకు గొట్టమును కూల్చి, పెంకు వేసి మూసివేయుటకు 9,000 అడిగెను. అది న్యాయమైన వెలయే, కాని, “పొయ్యి ఉండగా పొగ ఎటు పోవాలి నాయనా?” అని మా తల్లిగారు అడిగినదానికి మాయొద్ద ప్రత్యుత్తరము లేదు. మూడవవాడు వృద్ధుడైన తాపీమేస్త్రి. ఆయన పైకెక్కి, గోటితో సందులను గీచి చూచి, దిగివచ్చి 19,500 అని చెప్పెను.

ఇంత భేద మేల యని అడుగగా ఆయన యిట్లనెను: “మాస్టారూ, ఈ ఇటుక పాతకాలపుది, మెత్తనిది. దానికంటె గట్టిదైన సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేదు. ఇటుకే పొరలు పొరలుగా ఊడిపోతుంది. సున్నమైతే చెమ్మను బయటికి పోనిస్తుంది. ఇటుకకంటె అడుసు మెత్తగా ఉండాలి. అదే దీని సూత్రం.”

మేము శిక్షణ కళాశాలలో చదివిన రసాయనశాస్త్రము ఆయన మాటను బలపఱచినది. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి కాల్చినచో, నూఱుపాళ్ల రాయిలో 44 పాళ్లు బొగ్గుపులుసు గాలిగా వెడలిపోయి 56 పాళ్ల సున్నము మిగులును. దానిపై నీరు పోసినప్పుడు అది పొంగి, వేడెక్కి, తడిసున్నమగును. గోడలో చేరిన పిదప అది గాలినుండి మరల ఆ బొగ్గుపులుసు గాలినే మెల్లగా గ్రహించి, తిరిగి రాయి యగును. ఇటుకపొడి కలిపినచో చెమ్మలోను గట్టిపడును. పోర్ట్లండు సిమెంటునకు ఇంగ్లండులో జోసెఫు ఆస్ప్‌డిను హక్కుపత్రము పొందినది 1824వ సంవత్సరమున. మా ప్రాంతమున కాటను దొరగారు 1847లో ఆరంభించి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట సున్నపు టడుసుతో కట్టబడి, నూఱేండ్లకు పైగా గోదావరిని ఆపినది. కావున సున్నము బలహీనమైన దనువారు ఆ నది నడుగవలెను.

ఇక లెక్క. మేస్త్రి కూలి ఏడు దినములకు దినము 1,000 చొప్పున 7,000, సహాయకుని కూలి దినము 700 చొప్పున 4,900, సారువకు వెదుళ్ల అద్దె, కట్టుట, విప్పుట 4,500, సున్నము, ఇసుక, ఇటుకపొడి 2,100, మార్చవలసిన 30 ఇటుకలకు 12 చొప్పున 360, బండికిరాయి 640. మొత్తము 19,500. విద్యార్థులు కూడి సరిచూచుకొనవచ్చును. ఇందులో సున్నము, ఇసుక, ఇటుకల వెల మొత్తములో దాదాపు ఎనిమిదవ వంతు మాత్రమే. మిగిలిన సొమ్ములో అధికభాగము రెండు జతల చేతులకును, ఆ చేతులు భద్రముగా నిలుచుటకు కట్టిన వెదుళ్లకును చెల్లినది.

ఈ వెదుళ్ల ఖర్చే మమ్ము ఆలోచింపజేసినది. మొదటి గుత్తదారుని లెక్కలో సారువ లేదు. సారువ లేక పని యెట్లు చేసెదవని యడుగగా, తన వెనుక నిలిచిన బాలుని చూపి, “వీడు తేలిక, నిచ్చెన వేసి తాడు కడితే ఎక్కేస్తాడు” అనెను. బాలునికి పదుమూడేండ్లుండును. ఏ తరగతి చదువుచున్నావని మేమడిగితిమి. “ఏడుతో మానేశానండి” అని నేలచూపులు చూచెను. మన తరగతిలో ఎనిమిదవ తరగతి బల్లపై కూర్చుండవలసినవాడు మన కప్పుమీద తాడు కట్టుకొని వ్రేలాడినచో మనకు 12,500 రూపాయలు మిగులును. గణితము ఇంతవఱకే చెప్పును.

తక్కినది చరిత్రము చెప్పును. ఇంగ్లండులో 1662 మొదలు 1689 వఱకు పొయ్యి యొక్కింటికి ఏటికి రెండు షిల్లింగుల పన్ను వేసిరి. జను లది తప్పించుకొనుటకు పొయ్యిలను ఇటుకలతో మూసికొనిరి. ఆ పన్ను పోయినది కాని, పొగగొట్టముల కొఱకు బాలురు చెల్లించిన పన్ను చాలకాలము పోలేదు. చిన్నపిల్లలను ఇఱుకైన గొట్టములలోని కెక్కించి మసి దులిపించెడివారు. 1788లో ఎనిమిదేండ్లు నిండనివారిని పెట్టరాదని చట్టము చేసిరి. 1840లో ఇరువదియొక్క యేండ్లలోపువారు ఎక్కరాదనిరి. పొడవైన కఱ్ఱలకు కూర్చిన కుంచెలు అంతకు చాలముందే వచ్చియుండెను. అయినను కొందఱు గృహస్థులు బాలునే కోరిరి. 1875లో కేంబ్రిడ్జి సమీపమున జార్జి బ్రూస్టరు అను బాలుడు గొట్టములో చిక్కుకొని మరణించిన పిమ్మట ఆ యేటనే గట్టిచట్టము వచ్చి ఆ యాచారము అంతరించెను. చట్టము లేకపోవుటచేత కాదు, ఇంటివారు అడుగకపోవుటచేత ఆ పిల్లలు అన్నాళ్లు ఎక్కిరి. మన దేశమునను 2016వ సంవత్సరపు సవరణ, కుటుంబమునకు సాయపడుట మొదలగు కొలది మినహాయింపులు తప్ప, పదునాలుగేండ్లు నిండనివారిని ఏ పనిలోను పెట్టరాదని శాసించినది. ఆ చట్టము మా గుమ్మము దాటి లోనికి వచ్చుటకు మేము తలుపు తీయవలెను గదా!

మాయొద్ద 22,000 రూపాయలుండెను. మా కుమార్తె కళాశాలకు పోయివచ్చుటకు ఒక వాడిన స్కూటరు కొనవలెనని రెండేండ్లుగా కూడబెట్టినవి. ఆమెతో ఈ మాట చెప్పినప్పుడు కొంతసేపు పలుకక, పిమ్మట, “ఆ అబ్బాయిని ఎక్కించవద్దు నాన్నా” అనెను. ఆమె నేటికిని బస్సులోనే పోవుచున్నది.

మేస్త్రిగారు సారువ కట్టించి, అరంగుళపు సందులను అంగుళము లోతు గీకి, కుంచెతో దులిపి, నీరు చిలికి, సున్నము కూరి, వారము దినములు తడిగోనెలు కప్పించెను. ఈ యేటి వానలకు ఒక్క రేణువును రాలలేదు. పొరుగు పిల్లలు యథాప్రకారము ఆడుకొనుచున్నారు. ఆ బాలుని సంగతి యట్లు కాలేదు. వాని పేటలోని బడి ఉపాధ్యాయునికి మేము తెలుపగా ఆయన వెదకికొని పోయెను. అప్పటికే ఆ కుటుంబము పనివెంట వేఱొక ఊరికి తరలిపోయెనట. వాడు ఏ కప్పుమీద నున్నాడో మాకు తెలియదు.

ప్రియ విద్యార్థులారా, మీరు పెద్దవారై ఇండ్లు కట్టుదురు, కట్టినవి నిలుపుకొందురు. అప్పుడు మూడు వెలలు మీ యెదుట నిలుచును. తక్కువ వెలను కోరుట తప్పు కాదు. బీదవారికి అది యవసరము కూడ. కాని మొత్తమును చూచుటకు ముందు పద్దులను ఒక్కొక్కటిగా చదువుడు. సారువ పద్దు లేనిచోట దానికి బదులుగా ఎవరిని నిలిపిరో అడిగి తెలిసికొనుడు.