మంచు చెప్పుల బిషప్పు

అమెరికాలో మిచిగన్ రాష్ట్రపు ఉత్తర కొసన, సుపీరియర్ మహా సరస్సు ఒడ్డున బరాగా అనే చిన్న ఊరున్నది. ఆ జిల్లా పేరు కూడా అదే. డెట్రాయిట్ వైపు స్థిరపడిన మన తెలుగు కుటుంబాలతో కలిసి మేము ఆ దారిన వెళ్లాము. దారి పొడవునా అడవే. పక్కనున్న లాన్స్ ఊరి దగ్గర, గట్టు మీద, 35 అడుగుల లోహ విగ్రహం కనబడింది. ఒక చేత సిలువ, మరొక చేత మంచు చెప్పులు. చేటంత కర్ర చట్రానికి తోలు వారు అల్లిన ఈ చెప్పులు కట్టుకుంటే కాలు మంచులో దిగబడదు.

ఆయనే ఫ్రెడరిక్ బరాగా. 1797లో నేటి స్లోవేనియా దేశంలో కలిగిన ఇంట పుట్టాడు. వియన్నాలో లా చదివాడు, పెండ్లి కూడా కుదిరింది. అవన్నీ విడిచి గురువై, 1830 డిసెంబరు 31న న్యూయార్కులో దిగాడు.

రోమను కాథలిక్కులకూ మనకూ బోధలో ఉన్న భేదాలు చదువరులు ఎరిగినవే. వాటి జోలికి పోము. అక్కడ అఖాతానికి అవతలి గట్టున మెథడిస్టు మిషను ఉండేది. దాని మిషనరీ జాన్ పిట్జెల్ సైతం తన పుస్తకంలో ఈ పొరుగువానిని గౌరవంగానే తలచుకున్నాడు.

ఆ ప్రాంతపు మూలవాసులు ఒజిబ్వే ప్రజలు. 1842 ఒడంబడికతో వారి నేల ప్రభుత్వం పాలైంది. తమను పడమటికి తరిమివేస్తారన్న భయం వారికి పట్టుకున్నది. 1843లో వచ్చిన బరాగా వారు నిలిచి ఉండేందుకు మిషను చుట్టూ భూమి కొన్నాడు. పల్లెల్లో సెంటు భూమి కోసం పడే పాట్లు తెలిసిన మనకు దాని విలువ వేరే చెప్పాలా?

వారి భాష సులువైనది కాదు. అందులో రాయి, మంచు కూడా ప్రాణమున్న వాటి వరుసలోనివే, క్రియ దానిని బట్టి మారుతుంది. బరాగా 1850లో ఆ భాషకు వ్యాకరణం, 1853లో నిఘంటువు అచ్చు వేయించాడు. మన బ్రౌను దొర తెలుగు నిఘంటువు వచ్చినదీ ఆ రోజులలోనే, 1852లో. 1853 నవంబరు 1న బిషప్పుగా అభిషిక్తుడైనాడు. సంఘానికి వ్రాసిన తొలి లేఖను ఇంగ్లీషుతోపాటు ఒజిబ్వేలోనూ వెలువరించాడు.

1866లో బాల్టిమోర్ మహాసభకు వెళ్లిన చోట పక్షవాతం వచ్చింది. వెచ్చని ఊళ్లోనే ఉండిపొమ్మని తోటివారు బతిమాలినా వినక, ఆ మంచులోకే తిరిగి వచ్చాడు. 1868 జనవరి 19న మార్కెట్ పట్టణంలో మరణించాడు. అక్కడి కేథడ్రల్‌లోనే ఆయన సమాధి ఉన్నది.

తరువాతి కాలంలో హాస్టలు బడులలో ఒజిబ్వే మాట పలికిన పిల్లలను దండించారు. వాటిలో సంఘాలు నడిపిన బడులూ ఉన్నవని చెప్పక తప్పదు. పెద్దల మాట పిల్లలకు అందక, భాష చాలా ఇండ్లలో ఆగిపోయింది. ఇప్పుడు వారి మనుమలు దానిని తిరిగి నేర్చుకుంటున్నారు. బరాగా నిఘంటువును 1992లో మిన్నెసోటాలో మళ్లీ అచ్చు వేశారు.